టిల్లీ తోడు

క్లోస్టర్‌విల్, ఇండియానా
22 జనవరి 1996, సోమవారం

రోజెల్లాకి,

మంచు ఆగింది, గాలి ఆగలేదు. వరండా మెట్ల మీద ఉప్పు చల్లాను.

పోయిన వారం కరెంటు లేదు. ఊళ్ళో ఇళ్ళు వెచ్చబెట్టే ఫర్నేసులన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే మొరాయించాయి. ఫాదర్ గారిదీ, కెంప్ వాళ్ళదీ, వంతెన పక్క ముసలమ్మదీ బాగుచేసి వచ్చేసరికి మన షెడ్డు చల్లబడిపోయింది. లోపల ఉన్నవన్నీ గడ్డకట్టాయి. నా బంగారు మూత సీసా పగిలింది. టిల్లీ తోడు పోయింది. ఇంట్లో చప్పుడు లేదు. ఈ శీతాకాలం ఇక బీరు కాయను.

శనివారం కొంగలు గెలిచాయి. సెయింట్ ఎమెరాన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి కొంగలని పేరు పెట్టినవాడు ఈ ఏటి కుర్రాళ్ళని ముందే కలగని ఉంటాడు. ఒక్కొక్కడూ నిలువునా కాళ్ళే. కెంప్ ఇనపకొట్టు వెనక గదిలో రేడియో విన్నాం. మాట మంచులో మునిగి తేలుతూ వచ్చింది. ఎవరో నిద్రలో స్కోరు పలవరిస్తున్నట్టుంది.

ఎవరి సీసాలు వాళ్ళు తెచ్చారు. కెంప్ నల్ల బీరు పోశాడు. టిల్లీ పెట్టిన నియమం ఇంకా నడుస్తోంది. రుచి ఏదిలా ఉందో చెప్పాలి, ఉత్త 'బాగుంది' అన్నవాడు గ్లాసులు కడగాలి. వాన వెలిశాక చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని మాడిన రొట్టె అంచు నములుతున్నట్టుందని నేనన్నాను. హూబర్ట్ ఎప్పటిలాగే బాగుందన్నాడు. ఎప్పటిలాగే కడిగాడు.

మా అన్న కొడుకు డ్వైట్ వచ్చే నెలాఖరున లారీలో సోఫాలు వేసుకుని అటు వస్తాడట. ఏమైనా కావాలంటే రాయి.

ఆల్విన్


డులూత్, మిన్నెసోటా
29 జనవరి

బావకి,

నీ ఉత్తరాలు ఒక్కసారి చదివితే అయిపోతాయి. ఇది మూడుసార్లు చదివాను. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడిపోయాయి.

అక్క పోయాక ఇది మూడో శీతాకాలం. సమాధి దగ్గర కూడా నువ్వు నోరు విప్పలేదు. ఇప్పుడు ఫర్నేసులకీ కొంగలకీ మధ్య ఆ మాట ఇరికించి రాశావు. టిల్లీ తోడు పోయింది, ఇంట్లో చప్పుడు లేదు అని. ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్‌లో నీ ఊపిరి తప్ప ఇంకేమీ వినపడదని గుర్తొచ్చి మానేశాను.

తోడు లేకుండా ఎన్నాళ్ళుంటావు బావా? అక్క మాత్రం ఉండమంటుందా? కోప్పడనంటే ఒక సంగతి చెబుతాను. మా ఇంటి కింది వాటాలో సిగ్నీ లండ్‌క్విస్ట్ అని ఒకావిడ అద్దెకుంటోంది. ఓడరేవు ఆఫీసులో పనిచేసి మానేసింది. భర్త పోయి చాలాకాలమైంది. నెమ్మదస్తురాలు. నీ ఉత్తరాల్లో ఆటల సంగతులు చదివి వినిపించీ వినిపించీ ఆమెకి కొంగల పిచ్చి పట్టించాను. ఇప్పుడు పేపర్లో స్కోర్లు నాకంటే ముందు ఆమే చూస్తోంది.

శనివారం ఇద్దరం రేవు దగ్గర కొత్తగా బీరు కాచే చోటికి వెళ్ళాం. కిటికీ బయట సరస్సు కనబడలేదు, పొగమంచు. ఓడ కూత మాత్రం గోడలోంచి వచ్చినట్టు వచ్చింది. గోధుమ బీరు తాగాం. ఎండలో ఆరిన దుప్పట్లో ముఖం పెట్టుకున్నట్టుందని నేనన్నాను. "ఆ దుప్పటి మడతలో ఎవరో నారింజ తొక్క మర్చిపోయారు" అంది సిగ్నీ. చూశావా, గ్లాసులు కడగాల్సిన మనిషి కాదు.

వేసవిలో ఇటు రా. లేదా ఆమెనే అటు తీసుకొస్తాను.

నీ మరదలు
రోజెల్లా


క్లోస్టర్‌విల్
5 ఫిబ్రవరి, సోమవారం

రోజెల్లాకి,

మబ్బు. చినుకులు నేలని తాకగానే గాజు పెంకుల్లా గట్టిపడుతున్నాయి. కొళాయి గొట్టాలకి పాత దుప్పటి చుట్టాను.

సిగ్నీ గారికి నమస్కారం చెప్పు. ఆమె ఇంత దూరం ఎందుకు రావాలో అర్థం కాలేదు. ఫర్నేసు పాడైతే రకం రాయమను, ఏం చేయాలో రాసి పంపుతాను.

నాకు కావలసిన తోడు నీ ఇంటి కిందనే ఉంది. అది నాకు ముందే తట్టాల్సింది. కదపకుండా, చల్లగా, చీకట్లో ఉంచు. డ్వైట్ వచ్చినప్పుడు పంపించు. నిలబెట్టే పంపాలి, పడుకోబెట్టకూడదు. దారిలో ఎక్కడా తెరవొద్దని వాడికి నేను చెబుతాను.

కొంగలు బుధవారం గెలిచాయి, శనివారం కూడా. ఆవ్స్‌లీ అనే కుర్రాడు ఫ్రీ త్రో వేసే ముందు బూటు అడుగు అరచేత్తో తుడుచుకుంటాడు. హాలంతా మాట్లాడటం ఆపేస్తుంది. రేడియోలో ఆ నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తే ఆ నిశ్శబ్దమే కల్లోకి వచ్చింది. హాలు నిండా బీరుకి కాచే బార్లీ కషాయం, మోకాలి లోతు. అందులో కొంగలు మెల్లగా అడుగులేస్తున్నాయి.

ఆల్విన్


డులూత్
12 ఫిబ్రవరి

బావకి,

నీ ఉత్తరం సిగ్నీకి పైకి చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సింది. "చీకట్లో ఉంచాలట, చల్లగా ఉంచాలట. ఇప్పటిదాకా నీ వాటాలో నేనున్నది అలాగేగా" అంది. ఆ తర్వాత, లారీలో ఇండియానా దాకా నిలబడి రావడం తన మోకాళ్ళ వల్ల కాదని నీకు రాయమంది. నవ్వీ నవ్వీ కళ్ళజోడు పోగొట్టుకుంది. చివరికి నా ఒళ్ళోనే దొరికింది.

నవ్వు తగ్గాక మెదడు పనిచేసింది. నువ్వడుగుతున్నది మనిషిని కాదు, సీసాని. చల్లగదిలో బంగాళాదుంపల వెనక ఉన్న బంగారు మూత సీసాని. మరి తోడని ఎందుకు రాశావు? బీరు సీసాని తోడనుకునే దాకా వచ్చావా?

పంపను బావా. సీసా మెడకి అక్క కట్టిన చీటీ ఇంకా ఉంది. అదే రాత, కుడివైపుకి ఒరిగిపోతూ: 'కొంగలు మార్చి ముఖం చూసిన రోజు తెరవండి.' నీకొకటి, నాకొకటి ఇచ్చింది. మార్చి అంటే దేశమంతా ఆడే పెద్ద పోటీ అని ఇండియానాలో పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. మనం పుట్టాక కొంగలు అక్కడికి వెళ్ళింది లేదు. ఏటా మన జిల్లా పోటీల్లో మొదటి ఆటకే ఓడి, ఫిబ్రవరిలోనే ఇంటికొస్తాయి. ఈ ఏడే గెలుస్తున్నాయి. ఇలాంటప్పుడు ఆ సీసా ముట్టుకుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? బంగాళాదుంపలు కూడా ముందువరసవే తీస్తున్నాను.

నీది పగిలిందని నాది తాగాలనుకోవడం నీ తీరు కాదు. కొంగల మీద నమ్మకం పోయిందా? ఒంట్లో బాగుందా? దాచకుండా రాయి.

రోజెల్లా


క్లోస్టర్‌విల్
19 ఫిబ్రవరి, సోమవారం

రోజెల్లాకి,

ఎండ, చలి. కాన్వెంటు పొగగొట్టం దులిపాను. ఒక పిచ్చుక గూడు దొరికింది, ఖాళీదే.

ఒంట్లో బాగానే ఉంది. నాకు సరిగ్గా రాయడం రాలేదు. ఇప్పుడు రాస్తాను.

మీ అమ్మ పాలు తోడుపెట్టేది, నిన్నటి పెరుగులోంచి ఒక చెంచా తీసి. బీరుకీ అంతే. తీపి కషాయం దానంతటది బీరు కాదు. బతికున్నదేదో అందులో పడాలి. కొట్లో పొట్లాల్లో దొరుకుతుంది, అందరూ అదే వాడతారు. టిల్లీ వాడలేదు. మేం ఈ ఇంటికి వచ్చిన ఏడు పెరటి ప్లమ్ చెట్టు కాసింది. పండు మీద తెల్లగా బూడిదలాంటి పొడి ఉంటుంది చూడు, అందులోంచి తోడు పట్టింది. తొక్కలు కషాయంలో వేసి గుడ్డ కట్టి కిటికీలో పెట్టింది. చాలాసార్లు బూజు పట్టింది, పారబోసింది. ఒకసారి పొంగింది. ఆ రోజు నన్ను పనిలోంచి పిలిపించింది. నేనేదో ప్రమాదమనుకుని పరిగెత్తుకొచ్చాను. జాడీ పట్టుకుని నిలబడి "విను" అంది.

అప్పటి నుంచి ప్రతి కాపులోంచీ కొంత తీసి జాడీలో దాచి, తర్వాతి కాపులో వేసింది. ఆమె పోయాక నేనూ అలాగే చేశాను. అందుకే అది టిల్లీ తోడు. మూల గదిలో బీరు పులుస్తున్నప్పుడు దాని మూతకున్న గొట్టంలోంచి బుడగ చప్పుడు వస్తుంది. ఒకటి, కాసేపాగి ఇంకొకటి. ఇంట్లో అవతల గదిలో ఎవరో ఉన్నట్టు ఉంటుంది.

జాడీ గడ్డకట్టి పగిలింది. నా సీసా కూడా. ఇక అది మిగిలింది నీ సీసాలో మాత్రమే. అడుగున బూడిదరంగు పొర ఉంటుంది, గోరు మందం. మడ్డి అని జనం పారబోసేది అదే. అందులో ఇంకా ప్రాణం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. బీరు నువ్వే తాగు. నాకు ఆ పొర చాలు.

మార్చి దాకా ఆగమన్నది టిల్లీ. ఆమె మాట దాటి నేనేమీ అడగను. ఏం చేయాలన్నది నీ ఇష్టం.

ఈ ఏడు ఫిబ్రవరి ఒకరోజు పొడవు. కొంగలకి అది మంచిదో చెడ్డదో తెలియదు.

ఆల్విన్


డులూత్
25 ఫిబ్రవరి, ఆదివారం

బావకి,

చర్చి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. చల్లగది తలుపు తీసే ఉంచాను. ఇక్కడి నుంచి బంగారు మూత కనిపిస్తోంది.

నువ్వు ఇంత పెద్ద ఉత్తరం రాయగలవని నాకు తెలియదు. ఇక ఎగతాళి చేయను, కనీసం ఈ ఉత్తరంలో.

కానీ నా మాట కూడా విను. అక్కవి నీ దగ్గర ఇల్లుంది, చెట్టుంది, ఆమె కూర్చున్న కుర్చీ ఉంది. నేను ఇరవై ఏళ్ళ వయసులో ఇంత దూరం వచ్చేశాను. ఆమె రాతతో నా దగ్గరున్నది ఆ చీటీ ఒక్కటే. ఆమె చేత్తో మూత బిగించిన సీసా అది ఒక్కటే. అక్క ఇంకా నాకు ఏదో ఇవ్వాల్సి ఉంది అన్నట్టుంటుంది దాన్ని చూస్తే. తెరిస్తే ఇక ఇచ్చేసినట్టే. ఆ తర్వాత రావాల్సింది ఏమీ ఉండదు.

అందుకని భయపడుతూ భయపడుతూ దేవుడి మీద భారం వేశాను. గురువారం జిల్లా పోటీలు మొదలవుతాయి కదా. గురువారం, శుక్రవారం, శనివారం మూడూ గెలిస్తే పెద్ద పోటీకి వెళ్ళినట్టే. ఆ నిమిషంలోనే తెరుస్తాను, పొర నీకు పంపుతాను. అక్క మాటా నిలుస్తుంది, తోడూ నిలుస్తుంది. ఓడితే ఏం చేయాలో నాకు తెలియదు. నువ్వూ చెప్పవు.

శనివారం ఆట టీవీలో వేస్తారట. సిగ్నీ ఇంట్లో కేబుల్ ఉంది.

రోజెల్లా


క్లోస్టర్‌విల్
2 మార్చి, శనివారం

రోజెల్లాకి,

మబ్బు, గాలి లేదు. ఉదయం షెడ్డు అరలు తుడిచాను.

ఆట నువ్వూ చూసే ఉంటావు. గురువారం నాటి ఆటా, నిన్నటి ఆటా గెలిచాక ఊళ్ళో ఎవరూ సరిగ్గా నడవలేదు, తేలారు. ఫాదర్ గారు పూజలో కొంగల పేరెత్తలేదు గానీ పక్షుల గురించి చాలాసేపు మాట్లాడారు.

ఈ రోజు కెంప్ కొట్లో టీవీ పెట్టారు. గడియారం ఖాళీ అయ్యాక ఆవ్స్‌లీకి రెండు ఫ్రీ త్రోలు. మనం ఒకటి వెనక. బూటు తుడుచుకున్నాడు. మొదటిది పడితే సమానమయ్యేది. రింగు చుట్టూ తిరిగి బయటికి వచ్చింది. తర్వాతది రింగు దాకా చేరనే లేదు.

గ్లాసుల్లో కెంప్ వసంతానికని కాచిన బీరు అలాగే ఉంది. ఎవరూ ఏ రుచీ చెప్పలేదు. నేను బాగుందన్నాను. గ్లాసులు కడిగాను.

సీసా అలాగే ఉంచు. ఆ చీటీ నీ దగ్గర ఉండటమే సరి.

ఆల్విన్


డులూత్
3 మార్చి, ఆదివారం

బావకి,

ఈ ఉత్తరం డ్వైట్ చేతికిస్తున్నాను, నీ ఉత్తరం ఏదైనా బయల్దేరి ఉంటే దారిలో దీన్ని దాటిపోతుంది. అందులో ఏముంటుందో నాకు తెలుసు. 'సీసా అలాగే ఉంచు' అని ఉంటుంది.

ఉంచలేదు.

నిన్న ఆవ్స్‌లీ బంతి బయటికి దొర్లాక సిగ్నీ టీవీ గొంతు తగ్గించింది. ఆ కుర్రాడు కిందే కూర్చుండిపోయాడు చూశావా, కాళ్ళు మడుచుకుని? అచ్చం కొంగే. నేను ఏడవలేదు. లేచి వెళ్ళి సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను, వెనక్కి ఎలా పెట్టాలా అని చూస్తూ. బయట మంచు పైకి పడుతున్నట్టుంది, రేవు గాలికి ఒక్కోసారి అలా పడుతుంది.

సిగ్నీ కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివింది. ఆమె మీ ఊరిది కాదు కదా బావా. పాలుతాగే పిల్లలకి తెలిసింది ఆమెకి తెలియదు.

"ఇందులో పోటీ అని ఎక్కడుంది?" అంది.

మార్చి అంటేనే పోటీ అన్నాను.

"మీ అక్క పోటీ అని రాయలేదు. మార్చి అని రాసింది. గురువారం గెలిచారు, అది ఫిబ్రవరి. నిన్న ఆడారు, గెలిచారు. నిన్న తారీఖెంత?"

గోడ మీద కేలండర్ చూశాను. ఇంకా ఫిబ్రవరి కాగితమే ఉంది. లేచి తిప్పాను.

నువ్వే చెప్పు బావా. మన కొంగలు ఎప్పుడైనా ఫిబ్రవరి దాటాయా? మార్చి ముఖం చూశాయి కదా. చూసి, గెలిచి, మర్నాడు కూడా ఉన్నాయి కదా. అక్క మాటలు ఆచితూచి వాడేది. నవ్వించడానికి కూడా ఆచితూచే వాడేది. మన కొంగల సంగతి తెలిసినది కాబట్టే అంత చిన్న కోరిక కోరిందేమో. నాకు వాదించబుద్ధి కాలేదు.

తెరిచాను. చప్పుడు చిన్నదే, ఎవరో నిద్రలో 'ఊఁ' అన్నంత. అడుగు కదలకుండా రెండు గ్లాసుల్లోకి వంచాను. రుచి చెబుతాను, గ్లాసులు కడగకుండా. ముందు తేనెమైనం. ఆ తర్వాత చలికాలం చర్చిలో రాతి గచ్చు మీద మోకరిల్లినట్టు. చివర్న, మింగేశాక, నాలిక వెనక ప్లమ్ పండు తొక్క. సిగ్నీ గ్లాసు కింద పెట్టింది. "నేనెప్పుడూ చూడని ఇంట్లోకి వెళ్ళి వచ్చాను" అంది.

అడుగున బొటనవేలంత వదిలాను. సీసా మూతి మంట మీద తిప్పి, మరిగే నీళ్ళలో కడిగి ఆర్చిన చిన్న జాడీలోకి వంచాను. సిగ్నీ ఓడరేవులో సరుకుకి కట్టినట్టు తాడు కట్టింది. డ్వైట్ దాన్ని చొక్కా లోపల పెట్టుకుంటానన్నాడు. "నిలబెట్టే తీసుకెళ్తాను పిన్నీ, నేను పడుకుంటే మాత్రం చెప్పలేను" అన్నాడు.

చీటీ నా దగ్గరే ఉంచుకున్నాను. సీసా కూడా కడగలేదు, వాసన పోతుందని.

అది బతికుంటే రాయి. లేకపోయినా రాయి.

రోజెల్లా


క్లోస్టర్‌విల్
12 మార్చి, మంగళవారం

రోజెల్లాకి,

ఎండ. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ప్లమ్ చెట్టు ఎండు కొమ్మలు కోశాను.

జాడీ క్షేమంగా వచ్చింది. డ్వైట్ దారంతా దాంతో మాట్లాడాడట. ఏం మాట్లాడావురా అంటే, "ఆట మొదటి నుంచి చెప్పాను బాబాయ్, చివరిది చెప్పలేదు" అన్నాడు.

పల్చటి కషాయం కాచి, గోరువెచ్చగా ఆర్చి, అందులో వంచాను. గొట్టం ఉన్న మూత బిగించి, మూల గదిలో ఫర్నేసు పక్క అరలో పెట్టాను. మొదటి రోజు ఏమీ లేదు. మర్నాడూ లేదు. ఆదివారం దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని నిద్రపోయాను. కల ఏమీ రాలేదు. కెంప్ వచ్చి చూసి, "ముసలి తోడు ఇది ఆల్విన్, పొట్లం ఒకటి తెచ్చిపెడతాను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వద్దన్నాను.

నువ్వు రాసిన రుచి వెనక గదిలో అందరికీ చదివి వినిపించాను. రాతి గచ్చు దగ్గర హూబర్ట్ టోపీ తీశాడు. మార్చి సంగతి కూడా చదివాను. కెంప్ లేచి కొట్లో కేలండర్ దగ్గరికి వెళ్ళి ఒకటో తారీఖు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాడు. సిగ్నీ గారికి ఇక్కడ అందరూ రుణపడ్డారని చెప్పు. వేసవిలో ఆమె వస్తానంటే కుర్చీలో కూర్చునే రావచ్చని కూడా చెప్పు.

ఇది బతకకపోతే బాధపడకు. నువ్వు చేయగలిగింది చేశావు. టిల్లీ కూడా చాలాసార్లు పారబోసింది.

ఈ రోజు పనులు. చర్చి ఫర్నేసు జాలీ మార్చాను. ఆవ్స్‌లీ వాళ్ళ నాన్న దారిలో కనబడితే ఆగి చేయి కలిపాను. కోసిన కొమ్మలు కట్టలు కట్టాను. నిచ్చెన ఇంకా చెట్టుకే ఆనించి ఉంది. పడమటి నుంచి మబ్బు వస్తోంది, వాన పడేలోగా దాన్ని

మూల గదిలో ఏదో చప్పుడు. ఫర్నేసు చప్పుళ్ళన్నీ నాకు తెలుసు, ఇది అది కాదు. ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

రోజెల్లా, నిచ్చెన తడిస్తే తడవనీ